పరీక్షనాడు నాచు చారు

చున్‌చన్,
మార్చి ఆఖరి వారం

నాలుగో అంతస్తు F2 గదిలో ఉంటున్న చిరంజీవి ప్యో యున్‌సల్‌కు,

రెండో అంతస్తు నుంచి ఇంటి యజమాని యోమ్ జోంగ్‌పిల్ రాయునది. నేను క్షేమం. రెండు మెట్ల వరసల పైన నువ్వూ క్షేమమేనని తలుస్తాను. గేటు పక్కన పసుపు పూలు విచ్చాయి గానీ గాలి ఇంకా చలికాలానిదే. కోటు అప్పుడే పెట్టెలో పెట్టకు.

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావేమో. తలుపు కొడదామంటే కరోనా. ఫోనులో రాద్దామంటే నా వేలు ఒక అక్షరం మీద పడితే మూడు లేస్తాయి. ముప్పై ఏళ్ళు కింది అంతస్తులో బిలియర్డ్స్ హాలు నడిపిన వేలు, దానికి కర్ర పట్టడమే తెలుసు.

అసలు సంగతికొస్తాను. మన భవనంలో స్నానాలగదులన్నిటికీ కలిపి ఒకటే గాలిగొట్టం. కట్టించినవాడు మా బావమరిది. తలుపులు బయటికి తెరుచుకోవాలో లోపలికి తెరుచుకోవాలో తేలకముందే గోడలు లేపేసిన మహానుభావుడు. నాలుగు అంకె అశుభమని, అది వేస్తే గదులకు ఎవరూ రారని, మీ అంతస్తుకు ఇంగ్లీషు ఫోర్‌లోని F అని పేరు పెట్టింది కూడా అతనే. ఆ గొట్టం పుణ్యమా అని పైవాళ్ళ తుమ్ము కిందివాళ్ళకు, కిందివాళ్ళ దగ్గు పైవాళ్ళకు చేరుతుంది. క్లాసులు కంప్యూటర్లోకి వెళ్ళిపోయాక పిల్లలంతా ఊళ్ళకు పోయారు, భవనంలో మిగిలింది మనిద్దరమే. కాబట్టి వినపడేదంతా నీ గదిదే.

నీ గదిలో ఒక పెద్దాయన ఉన్నాడు, గంటల తరబడి మాట్లాడతాడు. ఒక ఆడపిల్ల ఉంది. పడీ పడీ నవ్వే కుర్రాడొకడు. మధ్యాహ్నమయ్యేసరికి నూడుల్స్ జుర్రుకునే మనిషి ఇంకొకడు, వాడి జుర్రుడు వింటే నాకే ఆకలేస్తుంది. నీతో కలిపి ఐదుగురు. ఐదుగురు ఒకచోట చేరకూడదని ప్రభుత్వంవారి ఆజ్ఞ. నేను వార్డు ఆఫీసుకు చెప్పే రకం కాదు. కానీ ఒకణ్ణి తగ్గించు తల్లీ. ఎవర్ని తగ్గించాలంటే నా సలహా, ఆ పెద్దాయన్ని.

ఇట్లు,
యోమ్ జోంగ్‌పిల్

తా.క.: తలుపు గొళ్ళేనికి తగిలించిన డబ్బాలో కారం పట్టించి ఊరబెట్టిన ముల్లంగి కిమ్చి ఉంది. జీవితంలో మొదటిసారి నేనే పెట్టాను. డబ్బా మా ఆవిడది. ఆవిడ మనవడిని చూసుకోవడానికి బుసాన్ వెళ్ళి అక్కడే చిక్కుపడింది. తిరిగొచ్చాక ముందు డబ్బాల క్షేమం అడుగుతుంది, తర్వాత నాది.

*

F2 గది,
మర్నాడు

గౌరవనీయులైన యోమ్ తాతగారికి,

ప్యో యున్‌సల్ నమస్కరించి రాయునది. కిమ్చి చాలా రుచిగా ఉంది. ఇంత రుచికరమైన ముల్లంగి కిమ్చి నేను ఈమధ్య తినలేదు.

తాతగారూ, నా గదిలో ఎవరూ లేరు. నేను మొదటి సంవత్సరం విద్యార్థిని. మీరు విన్న పెద్దాయన సంఖ్యాశాస్త్రం ప్రొఫెసర్‌గారు. ఆయన్ని తగ్గించే అధికారం నాకు లేదు, ఉంటే ఎప్పుడో తగ్గించేదాన్ని. మిగతావాళ్ళు కూడా కంప్యూటర్ లోపలివాళ్ళే. ఇకమీదట శబ్దం తగ్గిస్తాను, క్షమించండి.

అయితే గొట్టం రెండువైపులా పనిచేస్తుందని మీరే రాశారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. శరదృతువు నుంచి హాలు మూసేశామని గేటు మీద కాగితం ఉంది. కానీ రోజూ సాయంత్రం బంతులు టకటకమంటున్నాయి. మగవాళ్ళు దెబ్బలాడుకుంటున్నారు. నిన్న "ఒరేయ్ బే, ఆ ఎర్రబంతి నువ్వు కదిలించావు, నేను చూశాను" అని ఎవరో అరిచారు. వాళ్ళు ఎంతమంది?

డబ్బా తిరిగి పంపుతున్నాను. ఇచ్చినవాళ్ళ గిన్నె ఖాళీగా పంపకూడదని మా అమ్మ చెబుతుంది. అందుకని ఉడికించిన గుడ్లు పెట్టాను. నాకు వంట అంతవరకే వచ్చు.

ఇట్లు, విధేయురాలు
ప్యో యున్‌సల్

తా.క.: చదువు మధ్యలో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయే విద్యార్థులు గది ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి? ఊరికే, తెలుసుకుందామని.

*

చున్‌చన్,
ఏప్రిల్ మొదటి వారం

చిరంజీవి యున్‌సల్‌కు,

నీ గుడ్లు అందాయి, నీ ఉత్తరం అందింది, నీ దెబ్బ కూడా అందింది.

నిజమే, హాలు మూశాను. కానీ పాత స్నేహితులొస్తే తాళం తీయకుండా ఉండగలనా. బే ఒకడు, ప్రభుత్వ గిడ్డంగిలో బియ్యం బస్తాలు లెక్కపెట్టి రిటైరయ్యాడు. లెక్క వచ్చినవాడు దొంగాట ఆడతాడని బేని చూసే తెలుసుకున్నాను. సొక్ రెండోవాడు. కర్ర కొసకు నీలం సుద్ద రాసి రాసి అరగదీస్తాడే తప్ప బంతి కొట్టడు, "ఆలోచిస్తున్నా" అంటాడు. మూడోవాడు క్షురకుడు తక్. కొట్టేముందు బంతి చుట్టూ ఒక చుట్టు తిరిగి, దానికి ఎంత జుట్టు తీయాలా అన్నట్టు చూస్తాడు. నాతో కలిపి నలుగురం. చట్టం గీసిన గీత మీదే నిలబడ్డాం, దాటలేదు. ఓడినవాడు అందరికీ నల్ల సాసు కలిపిన జజంగ్ నూడుల్స్ తెప్పించాలి, బల్ల అంచున పాత పేపరు పరుచుకుని తింటాం. ఆ నల్ల సాసు మరక లేని బిలియర్డ్స్ బల్లను నమ్మకూడదు.

ఇక నీ గది. క్లాసులంటున్నావు. సరే, నేను పెద్ద చదువు చదవలేదు. హాల్లో కుర్రాళ్ళు మర్చిపోయిన పుస్తకాలు చదివాను. అందుకే నాకు అన్ని సబ్జెక్టులూ సగం సగం వచ్చు. కానీ ఏ సబ్జెక్టులో గురువుగారు మధ్యాహ్నంపూట నూడుల్స్ జుర్రుకుంటూ "అబ్బ, పులుసు అదిరింది" అంటాడో చెప్పు. నీ స్నేహితుల్ని కాపాడుకుంటున్నావు, మంచిదే, నాకు నచ్చింది. వాళ్ళు ఆకలితో ఉంటారు. అందుకే ఈసారి నలుగురికి సరిపడా పంపుతున్నాను. టోఫు కూర, మళ్ళీ ముల్లంగి కిమ్చి. ఆ నవ్వే కుర్రాడికి ఎక్కువ పెట్టు, నవ్వేవాళ్ళకు త్వరగా అరుగుతుంది.

ఇట్లు,
యోమ్ జోంగ్‌పిల్

తా.క.: గది ఖాళీ చేసే షరతు ఒప్పందంలో ఎక్కడో ఉంది. నా కళ్ళజోడు కనపడటం లేదు. అది ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేను. మా ఇంట్లో వస్తువులు ఎప్పుడూ వాటిష్టమొచ్చినప్పుడే దొరుకుతాయి.

*

F2 గది,
నాలుగు రోజుల తర్వాత

యోమ్ తాతగారికి,

నమస్కారం. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు కారణం మీ కూరే. నలుగురి భోజనం ఒక్కదాన్నే తినడానికి ఇన్నాళ్ళు పట్టింది. కిమ్చి మూత తీసినప్పుడల్లా కళ్ళు మండుతున్నాయి. రుచిగా ఉందని మొదటి ఉత్తరంలో రాశాను కాబట్టి ఇప్పుడు ఏమీ అనలేను.

మీరు నమ్మేట్టు లేరు, అందుకని ఉన్నదున్నట్టు రాస్తాను.

నూడుల్స్ తినేది ఎవరో నాకు తెలియదు. అతను తింటూ వీడియో తీసి పెడతాడు. నాకు ఒక్కదాన్నే తినడం రాదు. మా ఇంట్లో తినేటప్పుడు ఒకరి చెంచా ఒకరికి తగిలేది. అందుకని నేను తినేటప్పుడు అతన్ని ఎదురుగా పెట్టుకుంటాను. అతను జుర్రుకున్నప్పుడు నేనూ ఒక ముద్ద మింగుతాను. నవ్వేవాడూ అంతే, ఏదో కార్యక్రమంలోవాడు. ఆ ఆడపిల్ల కెమెరా ఎదురుగా కూర్చుని చదువుకుంటూ వీడియో తీస్తుంది, పేజీ తిప్పినప్పుడు తనలో తను ఏదో గొణుక్కుంటుంది. గదిలో చప్పుడు లేకపోతే ఫ్రిజ్ మోత వినపడుతుంది. ఫ్రిజ్ మోత కంటే వాళ్ళే నయం.

క్లాసులో డెబ్భైమందిమి ఉన్నాం. డెబ్భై నల్ల గళ్ళు, వాటి కింద పేర్లు. ఎవరూ ముఖం చూపించరు, నేనూ చూపించను. ప్రొఫెసర్‌గారు మధ్యమధ్య "ఉన్నారా?" అంటారు, పాపం. మొదటిరోజు పరిచయం కోసం నాలుగు వాక్యాలు బట్టీపట్టి పెట్టుకున్నాను. నా వంతు వచ్చేసరికి గొంతు రాలేదు. అప్పటికి చాలా రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు, అది తుప్పు పట్టినట్టుంది. "మైకు చెడిపోయిందా?" అన్నారు ఆయన. అవునని టైపు చేశాను. అప్పటినుంచి నా మైకు చెడిపోయే ఉంది.

స్నేహితులు లేరనడం కూడా పూర్తిగా నిజం కాదు. చె అనే అమ్మాయి ఒకసారి "నలభయ్యో పేజీయేనా?" అని మెసేజ్ పెట్టింది. "అవును" అన్నాను. అంతే మా స్నేహం, కానీ గొడవలేమీ లేవు.

మా అమ్మతో మాత్రం బోలెడంతమంది స్నేహితులున్నారని చెప్పాను. మీ ఉత్తరంలో లెక్క చదివినప్పుడు, పోనీలే, ఒక్కరైనా నమ్మారు అనిపించింది.

డబ్బాలో వాన్‌దో దీవి నుంచి మా అమ్మ పంపిన ఎండు సముద్రపు నాచు పెట్టాను. మా ఇంటి ముందు తాళ్ళమీద ఎండినదే. మాది నాచు పండించే ఇల్లు.

ఇట్లు,
ప్యో యున్‌సల్

తా.క.: కళ్ళజోడు దొరికిందా? బే గారినీ సొక్ గారినీ వెతకమనండి. తక్ గారైతే చుట్టూ తిరిగి చూస్తారు కదా.

*

చున్‌చన్,
ఏప్రిల్ మూడో వారం, మంగళవారం

చిరంజీవి యున్‌సల్‌కు,

చెరువుగట్టు మీద చెర్రీ పూలు రాలిపోయాయి. ఈ ఏడు ఎవరూ చూడలేదు కాబట్టి అవి రాలినట్టా కాదా అని బే నన్ను అడిగాడు. వాడు ఖాళీగా ఉన్నప్పుడు ఇలాంటివి అడుగుతాడు.

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. దానికి జవాబు రాయడం నాకు చేతకాలేదు, అందుకని వంట మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ వంట గురించి రాస్తాను.

ఎండు నాచు నీళ్ళలో వేస్తే ఎంతవుతుందో అరవై తొమ్మిదేళ్ళ మనిషికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. డబ్బా చూస్తే నాకొక్కడికే చాలదనిపించింది. మొత్తం గిన్నెలో వేసి నీళ్ళు పోసి, కిందికి వెళ్ళి ఒక ఆట ఆడి వచ్చాను. వచ్చేసరికి గిన్నె కనపడలేదు. గిన్నె ఉండవలసిన చోట ఒక నల్లటి గుట్ట ఉంది, అది మెల్లగా పొయ్యివైపు నడుస్తోంది. సగం బేసిన్‌లోకి తీశాను, బేసిన్ నిండింది. బట్టలుతికే తొట్టెలోకి తీశాను, తొట్టె నిండింది. మీ అమ్మ సముద్రాన్ని మడతపెట్టి పంపిందమ్మా. బుసాన్‌కు ఫోన్ చేస్తే మా ఆవిడ నవ్విన నవ్వుకు మనవడు నిద్రలేచాడు. పిడికెడు నాచు పదిమందికి వస్తుందట. ఆ మాట పెళ్ళైన కొత్తలోనే చెప్పి ఉండొచ్చు.

నాచు ఎదురుగా కూర్చుని ఏం చేయాలా అనుకుంటుంటే కళ్ళజోడు దొరికింది, నా తలమీదే ఉంది. సరే కదా అని నీ ఒప్పందం తీశాను. ఖాళీ చేసే షరతు ఉన్న పేజీ ఇంకా కనపడలేదు. పుట్టినరోజు ఉన్న పేజీ కనపడింది. రేపే. పుట్టినరోజునాడు నాచు చారు తాగని మనిషికి ఆ ఏడు వయసు సరిగ్గా పెరగదు. దైవం నీ నాచు నాకిచ్చి, నా తలమీది కళ్ళజోడు నాకే చూపించింది అంటే అర్థం ఏమిటి?

రేపు పొద్దున్నే తలుపు ముందు పెద్ద గిన్నె ఉంటుంది. గొడ్డుమాంసం కూడా వేస్తున్నాను. వేడిమీద తాగు.

ఇట్లు,
యోమ్ జోంగ్‌పిల్

తా.క.: ఇంకా రెండు తొట్టెల నాచు మిగిలింది. తెలిసినవాళ్ళెవరికైనా ఈ వారంలో పుట్టినరోజుందేమో కనుక్కో.

*

F2 గది,
బుధవారం

యోమ్ తాతగారికి,

ఈరోజు నా మధ్యంతర పరీక్ష. సంఖ్యాశాస్త్రం, పది గంటలకు. తొమ్మిదిన్నరకు మీ గిన్నె వచ్చింది.

పరీక్షకు ముందు నాచు చారు తాగితే నాచులా జారిపోయి తప్పుతారని ఈ దేశంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అందరూ అతుక్కుంటామని జిగురు మిఠాయి తింటారు. మా ఇంట్లో నాచే జీవనం, అయినా నా పెద్ద పరీక్షల వారమంతా మా అమ్మ పెరట్లో తాళ్ళను దుప్పటితో కప్పేది, నా కంట పడకూడదని.

జారిపోయాను. చదువుకు సెలవు దరఖాస్తు పెడుతున్నాను. నెలాఖరుకు గది ఖాళీ చేస్తాను. షరతు ఏదైనా సరే.

గిన్నె తలుపు బయట పెట్టాను.

ప్యో యున్‌సల్

*

చున్‌చన్,
శుక్రవారం

చిరంజీవి యున్‌సల్‌కు,

గిన్నె ఖాళీగా వచ్చింది. కడిగి, తుడిచి, ఖాళీగా. మా ఆవిడ సంసారంలో ఇది మొదటిసారి. ఆవిడకు చెప్పలేదు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పరీక్షలని నాకు తెలియదు. పూర్వం తెలిసేది, హాలు నిండిపోయేది. చదవవలసిన కుర్రాళ్ళంతా మా దగ్గరే ఉండేవాళ్ళు. ఇప్పుడు వీధిలో పరీక్ష గాలి కూడా లేదు. అయినా తెలుసుకోవలసింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా చారు ఒక ఆడపిల్ల చదువు జార్చేసిందంటే నేనింక ఏ ముఖం పెట్టుకుని గరిటె పట్టుకోను?

అందుకని నిన్న పెళ్ళిళ్ళకు వేసుకునే కోటు తొడుక్కుని, ఒకదానిమీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకుని, బస్సెక్కి మీ విశ్వవిద్యాలయానికి వెళ్ళాను. నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను, చాలా పెద్దది, చాలా ఖాళీగా ఉంది. మెట్లమీద పిల్లి ఒకటి పడుకుని ఉంది, నేను తప్పుకోవలసి వచ్చింది. మీ విభాగం ఆఫీసులో గిల్ అని ఒక సహాయకురాలు ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని ఉంది.

"మా పైగది అమ్మాయి పరీక్ష పోయింది. తప్పు ఆమెది కాదు, నాది. మళ్ళీ పెట్టండి" అన్నాను.

"మీరేం చేశారు తాతగారూ?"

"నాచు చారు పంపాను."

ఆమె నిబంధనల కాగితం తీసి చూసింది. "నిబంధనల్లో జ్వరం ఉంది, ఇంటర్నెట్ పోవడం ఉంది, దగ్గరివాళ్ళ చావు ఉంది. నాచు లేదండి" అంది.

"అయితే చేర్చండి."

"ఏ విద్యార్థి?"

పేరు చెప్పాను. కంప్యూటర్ చూసింది. "తాతగారూ, ఈ అమ్మాయి జారలేదు. అసలు పరీక్షలోకే రాలేదు" అంది. అనేసి నాలుక కరుచుకున్నట్టుంది, మాస్కు వెనక కాబట్టి ఖాయంగా చెప్పలేను. "ఇది నేను మీతో అనకూడదు" అంది. "నాకు ఒక చెవి వినపడదు, అటువైపు చెప్పారు" అన్నాను.

కాబట్టి చారు నిర్దోషి. ఆ మాట వినగానే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. చారు తప్పే అయి ఉంటే బాగుండేదనిపించింది, ఇంకో కూర వండి సరిదిద్దేవాణ్ణి.

గిల్ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ ఏడాది తనకు వచ్చే ఫోన్లలో సగం ఇలాంటివేనట. లేవలేకపోతున్నాం, బటన్ నొక్కలేకపోతున్నాం, ఏమైందో తెలియదు అంటారట. చెరువుమీద మంచు పడుతోంది అన్నట్టు మామూలుగా చెప్పింది. ఒంట్లో బాగాలేనివాళ్ళకు మళ్ళీ పరీక్ష ఉంటుందట, అడగాలట, అంతే. పిల్లలతో మాట్లాడే సలహా గది ఒకటుంది, ఇప్పుడు ఫోనులో మాట్లాడతారట. నంబరు చీటీ మీద రాసిచ్చింది, ఈ ఉత్తరంతో పెట్టాను. పిలువు, పిలవకపో. చీటీకి కోపం రాదు.

మా హాల్లో కిటికీ కింద ఒక బెంచీ ఉండేది. పరీక్షలప్పుడు ఆట ఆడని కుర్రాళ్ళు కొంతమంది వచ్చి దానిమీద కూర్చునేవాళ్ళు. కర్ర ముట్టుకునేవాళ్ళు కాదు, పుస్తకం తెరిచేవాళ్ళు కాదు. ఏమైందిరా అని ఒక్కణ్ణీ అడగలేదు నేను. "ఆ బంతులు కాస్త తుడిచిపెట్టు" అనేవాణ్ణి. తుడిచేవాళ్ళు. కొంతమంది తుడిచి వెళ్ళి పరీక్ష రాశారు, కొంతమంది ఊరికి పోయారు. ఊరికి పోయినవాళ్ళలో చెడిపోయినవాళ్ళు ఎవరూ లేరు. ఒకడు ఇప్పుడు కోళ్ళఫారం పెట్టి నాకంటే లావయ్యాడు. కాబట్టి సెలవు పెట్టడం తప్పని నేననను. ఎవరికీ చెప్పకుండా పెట్టడం మాత్రం బాగాలేదు.

గిన్నెలో ఏమీ పంపడం లేదు. ఖాళీగా వచ్చినదాన్ని నింపాలో వద్దో మా ఆచారంలో లేదు.

ఇట్లు,
యోమ్ జోంగ్‌పిల్

తా.క.: షరతు పేజీ దొరికింది. నెల ముందు చెప్పాలని ఉంది. దానిమీద నాచునీళ్ళు పడ్డాయి, ఇప్పుడు ఏడాది అన్నట్టు కనపడుతోంది.

*

F2 గది,
మే మొదటి వారం

యోమ్ తాతగారికి,

చారు గురించి అబద్ధం చెప్పాను. క్షమించండి.

ఆన్‌లైన్ పరీక్షలో దొంగతనం చేయకుండా ఫోను కెమెరాను మన చేతులవైపు తిప్పి పెట్టాలి. ఆరోజు పొద్దున్నే పెట్టి సరిచూసుకున్నాను. తెరమీద నా రెండు చేతులు కనపడ్డాయి. ఎవరివో అనుకున్నాను. అలాగే చూస్తూ కూర్చున్నాను. బటన్ నొక్కడానికి ఒక వేలు చాలు, అది లేవలేదు. బాధగా ఉందా అంటే లేదు. ఏమీ లేదు. అదే ఇబ్బంది. అప్పుడు తలుపు ముందు గిన్నె చప్పుడైంది. మూత తీసి చూడగానే, హమ్మయ్య, తప్పు మోయడానికి ఎవరో వచ్చారు అనిపించింది.

ఆ గిన్నె చారు ఆరోజే మూడు పూటలూ తాగాను. ఉప్పు తక్కువైంది. మా అమ్మ ఫోన్ చేస్తే "స్నేహితులు చారు పెట్టారు" అన్నాను. ఫోన్ పెట్టేశాక, ఈసారి అది పూర్తి అబద్ధం కాదేమో అనుకున్నాను.

గిన్నె మాత్రం కావాలనే ఖాళీగా పంపాను. పంపాక నిద్రపట్టలేదు. మా అమ్మకు తెలిస్తే అది పరీక్ష మానడం కంటే పెద్ద నేరం.

చీటీలో నంబరుకు ఫోన్ చేశాను. మొదటిసారి అవతల ఎత్తగానే పెట్టేశాను. రెండోసారి ఒక ఆవిడ, ఏమైంది అని అడక్కుండా, "ఇవాళ ఏం తిన్నావు?" అంది. "బాగా పులిసిన ముల్లంగి కిమ్చి" అన్నాను. ఎవరు పెట్టారంది. అక్కడినుంచి మీ గురించీ, గొట్టం గురించీ చెప్పాను. నా గొంతు అంతసేపు పనిచేస్తుందని నాకే తెలియదు. ఈ గురువారం మళ్ళీ చేయమంది.

సెలవు దరఖాస్తు తెరమీద నింపి పెట్టే ఉంది. నొక్కలేదు. శుక్రవారం ఆఖరు. ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

నిన్న మీకు క్షమాపణ చెబుదామని కిందికి దిగాను. హాలు తలుపు దాకా వచ్చాను. లోపల బే గారు ఏదో దబాయిస్తున్నారు, మీరు ఎదురుతిరుగుతున్నారు. వినడానికి చాలా బాగుంది. ఒక్కసారి లోపలికొచ్చి ఆ బెంచీమీద కూర్చోవాలనిపించింది, బంతులు తుడవాలనిపించింది. కానీ మీరు అప్పటికే నలుగురు. నేను వస్తే ఐదు. చట్టం గుర్తొచ్చి మెట్లెక్కేశాను.

ఇట్లు,
యున్‌సల్

తా.క.: గిన్నె మీ దగ్గరే ఉంది కాబట్టి దీనితో జిగురు మిఠాయి విడిగా పంపుతున్నాను. ఆలస్యంగా అందే వస్తువులన్నీ మన ఇద్దరి మధ్యే తిరుగుతున్నాయి.

*

చున్‌చన్,
గురువారం

చిరంజీవి యున్‌సల్‌కు,

నీ ఉత్తరం పొద్దున అందింది. నీ మిఠాయికి నా కట్టుడు పన్ను ఒకటి అతుక్కుని బయటికొచ్చింది. కాబట్టి అది పనిచేసే మిఠాయే.

ఇప్పుడు నేను రాయబోయేది రాయకుండా ఉండటానికి పొద్దుటినుంచి హాలు రెండుసార్లు ఊడ్చాను.

హాల్లో నలుగురు లేరమ్మా. బే వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. అక్కడికి ఎవర్నీ రానివ్వరు, కిటికీ బయట నిలబడితే లోపల్నుంచి చెయ్యి ఊపుతాడు. ఆ చెయ్యి ఊపడంలో కూడా దొంగాట కనపడుతుంది. సొక్‌ను కొడుకు తన ఊరు తీసుకుపోయాడు, అక్కడ ఇంకా ఆలోచిస్తూనే ఉండి ఉంటాడు. తక్ పోయిన చలికాలం పోయాడు. అంత్యక్రియలకు జనం ఎక్కువైతే కుదరదని నన్ను గేటు దగ్గరే ఆపారు, అక్కడినుంచే తల వంచి వచ్చాను.

రోజూ సాయంత్రం హాల్లో ఆడేది నేనూ, నా ఎడమచెయ్యీ. కుడిచేత్తో కొడితే నేను. ఎడమచేత్తో కొడితే రోజునుబట్టి బే, సొక్, తక్. తక్ వంతు వచ్చినప్పుడు బంతి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాను, లేకపోతే వాడు ఊరుకోడు. బే గొంతు నాకు బాగా వస్తుంది. ఓడిన చేత్తో ఫోన్ చేసి నూడుల్స్ తెప్పించుకుని, గెలిచిన చేత్తో తింటాను. ఎడమచెయ్యి గెలిచినరోజు చొక్కా పాడవుతుంది.

చప్పుడు లేకపోతే నీకు ఫ్రిజ్ వినపడుతుందన్నావు. నాకు గోడ గడియారం వినపడేది. మార్చిలో ఒకరోజు గొట్టంలోంచి నూడుల్స్ జుర్రుకునే చప్పుడు విన్నప్పుడు, పైన మనుషులున్నారు, ఐదుగురున్నారు అని ఎంత సంబరపడ్డానో. ఫిర్యాదు ఒక సాకు. ఎవరో ఒకరు జవాబు రాస్తారు కదా అని. నువ్వు ఎవరూ లేరని రాశావు. నమ్మబుద్ధి కాలేదు, అందుకే నమ్మలేదు.

రేపు శుక్రవారం. ఆ బటన్ నొక్కుతావో లేదో నీ ఇష్టం. నొక్కినా నీమీద నాకు కినుక లేదు, నాచు మాత్రం తిరిగి పట్టుకుపోవాలి. కానీ నొక్కేముందు ఒక్కసారి కిందికి దిగిరా. బెంచీ తుడిచి పెట్టాను. బంతులు తుడవలేదు, అవి నీకోసం వదిలాను.

ఇట్లు,
యోమ్ జోంగ్‌పిల్

తా.క.: చట్టం గురించి భయపడకు. లెక్కవేశాను. నువ్వు, నేను, నా ఎడమచెయ్యి, నీ ఫోనులో నూడుల్స్ తినేవాడు. నలుగురం. అతన్ని కూడా తీసుకురా, మా నల్ల సాసు వాసన చూస్తే అతని పులుసు ఏపాటిదో తేలుతుంది.

*

F2 గది,
శనివారం

తాతగారికి,

నిన్నటి ఆటలో మీ ఎడమచెయ్యి ఎర్రబంతిని కదిలించింది. నేను చూశాను. బే గారికి చెప్పండి.

నిన్న మీ దగ్గర్నుంచి తెచ్చుకున్న గిన్నె తిరిగి పంపుతున్నాను. అందులో వాన్‌దో చేపలు వేయించి పెట్టాను. మా అమ్మ ఫోనులో పక్కన ఉండి చేయించింది. ఎవరికోసం అంటే "బిలియర్డ్స్ స్నేహితుడికి" అన్నాను. ఎన్నేళ్ళవాడంది. అరవై తొమ్మిదన్నాను. "అయితే ముళ్ళు తీసి పెట్టు" అంది.

సెలవు దరఖాస్తు చెరిపేశాను. ఈ నిర్ణయం ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు, గురువారాల ఆవిడ అది ఇప్పుడే తెలియక్కర్లేదంది. నిన్న క్లాసులో ప్రొఫెసర్‌గారు "ఉన్నారా?" అంటే మైకు నొక్కి "ఉన్నాను" అన్నాను. ఆయన ఉలిక్కిపడ్డారు. వెంటనే చె అనే అమ్మాయి మెసేజ్ పెట్టింది, నీ మైకు బాగైందా అని.

విభాగం ఆఫీసులో అడిగాను, సోమవారం పది గంటలకు నాకు మళ్ళీ పరీక్ష.

ఇట్లు,
యున్‌సల్

తా.క.: దయచేసి ఆరోజు ఏమీ వండకండి.